టెక్సాస్ గ్రేసన్ కౌంటీలో క్రాస్‌బో ఎందుకు వద్దంటున్నారు? ఆర్చరీ సీజన్లో దీన్ని రానివ్వాలా?

టెక్సోమా_బాణం

ఒళ్లు మండి రాస్తున్నాను. మేం ఉండేది ఫ్రిస్కోలో. ఈసారి ముగ్గురం స్నేహితులం కలిసి షెర్మన్ అవతల ఒక రాంచ్‌లో డీర్ లీజ్ (జింకల వేటకి స్థలం అద్దెకి) తీసుకున్నాం. డబ్బు కట్టాం, ఫీడర్ పెట్టాం, చెట్లకి ట్రెయిల్ కెమెరాలు కట్టాం, నేనైతే ఎప్పటినుంచో అనుకుంటున్న క్రాస్‌బో (ట్రిగ్గర్ నొక్కితే బాణం వదిలే విల్లు) కూడా కొన్నాను. అన్నీ అయ్యాక ఓనరు తాపీగా చెప్పాడు, గ్రేసన్ కౌంటీలో జింక మీద క్రాస్‌బో కుదరదు, చక్రాలున్న కాంపౌండ్ విల్లో, వంపు తిరిగిన రికర్వ్ విల్లో తెచ్చుకోండి అని. నమ్మకం కుదరక టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల అవుట్‌డోర్ యాన్యువల్ (వేట రూల్స్ పుస్తకం) తీసి చూస్తే అదే రాసుంది. చేతులకో భుజాలకో వైకల్యం ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం దగ్గరుంటేనే అక్కడ క్రాస్‌బో వాడాలట.

2009 నుంచి గ్రేసన్ తప్ప టెక్సాస్ మొత్తం మీద ఆర్చరీ సీజన్లో (బాణాలతోనే వేటాడే రోజుల్లో) క్రాస్‌బోకి అడ్డు లేదు. పక్కనే ఉన్న కాలిన్ కౌంటీలో ఓకే, డాలస్ కౌంటీలో ఓకే. కంచె దాటి ఇటు వస్తే తప్పా? విల్లు, క్రాస్‌బో రెండింటి నుంచీ పోయేది బాణమే కదా. మందుగుండు లేదు, పెద్ద చప్పుడు లేదు. మిగతా రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లు చెప్పండి, మీ దగ్గర ఎలా ఉంది?

షెర్మన్_పాతకాపు

తమ్ముడూ, నీ కోపం అర్థమైంది కానీ లీజ్ కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ కౌంటీ పేజీ చదవాలి. అది పక్కన పెడదాం.

నేను ఈ కౌంటీలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ జింకల మీద తుపాకీ సీజన్ లేదు, ఉన్నదంతా ఆర్చరీయే. మిగతా టెక్సాస్‌లో చాలా చోట్ల అక్టోబర్ దాకా ఆర్చరీ, నవంబర్ మొదటి శనివారం నుంచి రైఫిల్. గ్రేసన్‌లో నవంబర్లో కూడా విల్లే పట్టుకోవాలి. నవంబర్ అంటే రట్ (జతకట్టే కాలం), బక్‌లు (మగ జింకలు) ఆడ జింకల వెంటపడి పగటిపూట కూడా మతి లేకుండా తిరిగే రోజులు. ఆ రోజుల్లో రైఫిల్ లేకపోవడం వల్లే ఇక్కడ బక్ ఐదేళ్లు ఆరేళ్లు బతుకుతుంది, కొమ్ములు అంతలా పెరుగుతాయి. టెక్సాస్‌లో పెద్ద కొమ్ముల బక్ అంటే జనం సౌత్ టెక్సాస్ తర్వాత ఈ చిన్న కౌంటీ పేరే ఎత్తుతారు, అది ఊరికే రాలేదు.

ఇప్పుడు నువ్వే లెక్క వేసుకో. గంట దూరంలో డాలస్, ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ. లక్షల మంది. కాంపౌండ్ అంటే నెలల తరబడి ప్రాక్టీస్ కావాలి కాబట్టి అందులో కొద్దిమందే వస్తారు. క్రాస్‌బో కొన్నవాడు శనివారం సాయంత్రం స్కోప్ సెట్ చేసుకుని ఆదివారం పొద్దున చెట్టెక్కగలడు. గేటు ఒకసారి తీస్తే మళ్లీ వేయడం ఎవరి తరమూ కాదు.

పెన్_గుట్టలు

పాతకాపు గారు చెప్పిన భయమే మా పెన్సిల్వేనియాలో కూడా 2009 ముందు వినబడింది. ఆ ఏడాది వేట రూల్స్ పెట్టే గేమ్ కమిషన్ ఆర్చరీ సీజన్ మొత్తానికి క్రాస్‌బోని అనుమతించింది. అడవి ఖాళీ అయిపోతుందన్నారు, విల్లు పట్టేవాడే ఉండడన్నారు. ఆర్చరీ లైసెన్సులు తగ్గకపోగా పెరిగాయి. జింకలూ ఉన్నాయి. మా మావగారు అరవై దాటాక విల్లు వదిలేసి ఇంట్లో కూర్చున్నాయన మళ్లీ అడవికి వచ్చాడు, నాకు అది చాలు.

కొత్త_బాణం

చిన్న డౌట్. క్రాస్‌బో అంటే ట్రిగ్గర్ ఉంటుంది, స్కోప్ ఉంటుంది, భుజానికి ఆనించి కొడతారు. మరి అది తుపాకీ లెక్కలోకి రాదా? నేను హెచ్‌-1బి మీద ఉన్నాను, అందుకే అడుగుతున్నా.

ఎడిసన్_పెరడు

రాదు. ఫెడరల్ చట్టంలో నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పెట్టుకోవడానికి లేదు, చెల్లే హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. విల్లు, క్రాస్‌బో ఆ చట్టంలో తుపాకీ కిందికే రావు. మనవాళ్లు చాలామంది ఆర్చరీతో మొదలుపెట్టడానికి అదొక కారణం, ఆ కాగితాల టెన్షన్ ఎవరికి కావాలి. అయినా నీ కేసు నీ లాయర్ని ఒకసారి అడుగు, ఫోరంలో చదివి తుపాకీ విషయం తేల్చుకోకు.

లైసెన్స్, హంటర్ ఎడ్యుకేషన్ మాత్రం క్రాస్‌బోకి కూడా తప్పదు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ ఆ కోర్సు ఉండాలి. లైసెన్స్‌కి తోడు ఆర్చరీ ఎండార్స్‌మెంట్ (విల్లు వేటకి అదనపు అనుమతి) విడిగా కొనాలి. మా న్యూజెర్సీలో అయితే విల్లుకి ప్రత్యేకంగా బో హంటర్ కోర్సే ఉంది.

విల్లంబులు

నేను వ్యతిరేకం, కారణం చెప్తా. నాది విజయవాడ. చిన్నప్పుడు అక్కడే అకాడమీలో రికర్వ్ పట్టాను, ఇప్పుడు టెక్సాస్‌లో కాంపౌండ్‌తో వేటాడతాను. జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు స్వర్ణాలు కొట్టింది కాంపౌండ్‌తోనే, ఆ బాణం వదిలే క్షణం వెనుక ఎన్ని వేల బాణాలు ఉంటాయో విల్లు పట్టినవాడికి తెలుస్తుంది.

అరవై పౌండ్ల కాంపౌండ్ తీసుకోండి. పూర్తిగా లాగాక లెట్-ఆఫ్ (తగ్గే బరువు) 80 శాతం అనుకుంటే చేతిలో ఉండేది 12 పౌండ్లే. అబ్బో తేలికే అనుకుంటారు. కానీ ఆ 60 పౌండ్లూ లాగాల్సింది జింక ఇరవై గజాల్లో నిలబడి మన వైపు చూస్తున్నప్పుడు. మోచెయ్యి కదిలితే అది తోక ఎత్తి పోతుంది. అది తల చెట్టు చాటుకి వెళ్లేదాకా ఆగాలి, అప్పుడు లాగాలి, లాగాక అది మళ్లీ ఆగిపోతే నిమిషం, రెండు నిమిషాలు అలాగే పట్టుకోవాలి, చెయ్యి వణుకుతుంది, శ్వాస బరువెక్కుతుంది. చాలాసార్లు దించేయాల్సి వస్తుంది, దించేటప్పుడు కదిలిన కదలికకే జింక మాయం. ఆర్చరీ సీజన్ని తుపాకీ సీజన్ కంటే ముందు, అంత పొడుగ్గా ఇచ్చిందే ఈ కష్టం చూసి. క్రాస్‌బోలో ఆ కష్టం పార్కింగ్ దగ్గరే అయిపోతుంది. స్ట్రింగ్ (విల్లు తాడు) లాక్ చేసి పైకెక్కి కూర్చుంటే తర్వాత వేలు కదిపితే చాలు. మరి అదే సీజన్ వాళ్లకెందుకు?

విల్లు వేట రికార్డులు రాసే పోప్ అండ్ యంగ్ క్లబ్ కూడా ఇందుకే క్రాస్‌బోతో కొట్టిన జంతువుని రికార్డుల్లోకి తీసుకోదు.

కొలంబస్_అక్క

విల్లంబులు, మీ ప్రాక్టీస్ మీద నాకు గౌరవం ఉంది. కానీ మీరు చెప్పిన ఆ 60 పౌండ్లు నేను లాగలేను. కుడి భుజానికి రొటేటర్ కఫ్ సర్జరీ అయింది. అంతకుముందు నలభై పౌండ్ల విల్లు నాకు బాగా అలవాటు. సర్జరీ తర్వాత డాక్టర్ని వైకల్యం అని రాసివ్వమంటే, మీ భుజం వంట చేసుకోవడానికి, కారు నడపడానికి బాగానే ఉంది కదా అన్నాడు. నిజమే, బాగానే ఉంది. విల్లు లాగడానికే బాగాలేదు. ఆ కాగితం రూల్ ఉన్న చోట నాలాంటి వాళ్లు అటూ కాకుండా ఇటూ కాకుండా మిగిలిపోతారు.

ఒహాయోలో ఉండబట్టి సరిపోయింది. ఇక్కడ 1980ల మొదట్లోనే రాష్ట్రమంతా క్రాస్‌బోకి దారి ఇచ్చారు. సెప్టెంబర్ చివర నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా సీజన్, విల్లుకీ క్రాస్‌బోకీ ఒకటే. ఇన్నేళ్లలో ఒహాయోలో జింకలు అయిపోలేదు, పెద్ద బక్‌లు అయిపోలేదు. టెన్‌పాయింట్ లాంటి క్రాస్‌బో కంపెనీ పుట్టింది కూడా మా రాష్ట్రంలోనే. కాబట్టి క్రాస్‌బో వస్తే అడవి నాశనం అన్న మాట నేను ఒప్పుకోను.

గోంగూర_మటన్

అక్కా, ఫిబ్రవరి దాకా సీజన్ అంటే మీ డీప్ ఫ్రీజర్ సైజు ఎంత?

కొలంబస్_అక్క

@గోంగూర_మటన్ రెండు ఫ్రీజర్లు. సంక్రాంతికి రండి, చూపిస్తా.

మాడిసన్_మంచు

ఒహాయో కథ వేరు, మా విస్కాన్సిన్ కథ వేరు. దేశంలో జింకలకి మొట్టమొదటి ఆర్చరీ సీజన్ పెట్టింది మేమే, 1934లో. క్రాస్‌బోని అందరికీ తెరిచింది మాత్రం 2014లో. లైసెన్స్ వేరు, తేదీలు దాదాపు విల్లు సీజన్ తేదీలే. కొన్నేళ్లు తిరిగేసరికి క్రాస్‌బోతో పడే జింకలు విల్లుతో పడే వాటిని దాటిపోయాయి. దాంతో గొడవ మొదలైంది. థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలయ్యే తొమ్మిది రోజుల తుపాకీ సీజన్ మా దగ్గర పండగ లాంటిది, తాతలు మనవళ్లు అందరూ క్యాబిన్లకి చేరతారు. వాళ్ల ఫిర్యాదు ఏంటంటే, మేం వెళ్లేసరికి మంచి బక్‌లన్నీ క్రాస్‌బో వాళ్లు అక్టోబర్, నవంబర్ మొదట్లోనే పట్టుకుపోయారు అని.

ప్రతి వసంతంలో కన్జర్వేషన్ కాంగ్రెస్ అనే పౌర సంఘం వాళ్లు కౌంటీల వారీగా జనం అభిప్రాయం అడుగుతారు, క్రాస్‌బో సీజన్ కుదించే మాట అక్కడ కూడా వచ్చింది. నేనే క్రాస్‌బో వాడతాను, అయినా ఆ ఫిర్యాదులో పస ఉందని ఒప్పుకుంటాను. పొడుగాటి సీజన్, తేలికైన ఆయుధం, రట్ రోజులు, ఈ మూడూ ఒకచోట కలిస్తే బక్‌ల మీద భారం పడుతుంది. ఒహాయోలో ఒక మనిషికి ఏడాదికి ఒకే కొమ్ముల జింక, ఏ ఆయుధంతో కొట్టినా సరే. అక్క ఆ సంగతి చెప్పలేదు. అక్కడ నిలదొక్కుకోవడానికి అది పెద్ద కారణం అని నా నమ్మకం.

కొలంబస్_అక్క

@మాడిసన్_మంచు అవును, ఒకే బక్. అది మంచి రూల్. నేను అడిగేది కూడా అదే, బక్‌ల మీద లిమిట్ పెట్టండి, నా భుజం మీద పెట్టకండి.

టెక్సోమా_బాణం

అక్క ఒక్క ముక్కలో చెప్పింది. పాతకాపు గారూ, మీ భయం బక్‌లు తగ్గుతాయని అయితే బక్‌ల లెక్క తగ్గించండి. ఆయుధం ఎందుకు ఆపాలి?

షెర్మన్_పాతకాపు

లెక్క తగ్గిస్తే ప్రాక్టీస్ చేసి వచ్చేవాడికి కూడా తగ్గుతుంది కదా. అతనేం పాపం చేశాడు? ఇక్కడ చాలామంది రాంచ్ వాళ్లు చిన్న బక్‌ని వదిలేస్తారు, నాలుగేళ్లు దాటిందని నమ్మకం కుదిరితేనే బాణం తీస్తారు. ఆ పద్ధతి నిలబడింది తక్కువమంది ఉండబట్టే. హేగర్‌మన్ రెఫ్యూజ్ ఉంది టెక్సోమా సరస్సు ఒడ్డున, అక్కడ కూడా ఆర్చరీ హంట్‌కి డ్రా తీసి కొద్దిమందినే పంపుతారు. మనుషుల సంఖ్యే అసలు సమస్య తమ్ముడూ. రాష్ట్రంలో 254 కౌంటీలు ఉంటే ఒక్కటి ఇలా ఉంది, ఉండనివ్వండి. క్రాస్‌బో పట్టుకుని మిగతా కౌంటీల్లో ఎక్కడైనా కూర్చో, ఎవరూ కాదనరు.

పప్పుచారు

అసలు ఆ మూగజీవాల్ని కొట్టడం ఎందుకండీ? ఇండియాలో జింకని ముట్టుకుంటే జైలు. ఇక్కడికొచ్చి ఏ ఆయుధం మంచిదని కొట్టుకుంటున్నారు.

అచ్చంపేట_అడవి

@పప్పుచారు మీరన్నది నిజం, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మన దగ్గర వేట లేదు, ఉండకూడదు కూడా. మాది నల్లమల పక్క ఊరు. చెంచు పెద్దవాళ్ల భుజాన విల్లు చూస్తూ పెరిగినవాణ్ణి, ఇప్పుడది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. అక్కడ దుప్పిని తినడానికి పులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్కలు ఉన్నాయి. డాలస్ శివార్లలో పులి లేదు, తోడేళ్లు ఎప్పుడో పోయాయి, జింకల సంఖ్యని ఆపే ఆ పని ఇక్కడ వేటగాళ్లది.

ఇంకో సంగతి, ఈ దేశంలో కూడా 1900 ప్రాంతంలో వైట్‌టెయిల్ జింక దాదాపు అంతరించే దశకి వచ్చింది, అప్పుడు అమ్మకానికి కొట్టేవాళ్లు, లెక్కాపత్రం లేదు. లైసెన్సులు, సీజన్లు, లిమిట్లు పెట్టి కాపాడితే ఇప్పుడు దేశం మొత్తం మీద మూడు కోట్ల దాకా ఉంటాయని అంచనా. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వల్ల తుపాకుల అమ్మకం మీద పన్ను వన్యప్రాణుల పనులకి పోతుంది, తర్వాత విల్లులూ బాణాలూ అందులో చేరాయి. విల్లు మీద 11 శాతం, క్రాస్‌బో మీద కూడా అంతే. మీకు నచ్చకపోవడం మీ హక్కు, కానీ ఇక్కడ వేటని, మన దగ్గర దొంగవేటని ఒక గాటన కట్టకండి.

ఎడిసన్_పెరడు

పప్పుచారు గారు మా ఇంటి వెనక్కి రావాలి. జింకల వల్ల బీరపాదు, తోటకూర, గులాబీలు, ఏదీ మిగలదు. పిల్లలు గడ్డిలో ఆడితే జింకల మీద ఉండే టిక్ పురుగు కరిచిందేమో అని రాత్రి ఒళ్లంతా వెతకాలి. రాత్రి డ్రైవింగ్‌లో అవి అడ్డొచ్చే సంగతి చెప్పక్కర్లేదు.

న్యూజెర్సీలో 2009లో క్రాస్‌బో వచ్చింది. మరుసటి ఏడు ఇంకో ముఖ్యమైన మార్పు. ఇంతకుముందు ఏ ఇంటికైనా 450 అడుగుల లోపల విల్లు ఎక్కుపెట్టకూడదు, దాన్ని 150 అడుగులకి తగ్గించారు. మా లాంటి ఇరుకు టౌన్లలో జింకల సంఖ్య తగ్గించాలంటే తుపాకీ అసాధ్యం, మిగిలింది బాణమే. కొన్ని జోన్లలో అయితే సీజన్ మొదట్లో ముందు ఆడ జింకని కొడితేనే తర్వాత బక్ మీద బాణం వేయనిస్తారు. ఇలాంటి చోట ఎంతమంది వస్తే అంత మంచిది. గ్రేసన్‌లో కొమ్ములు కాపాడాలి, ఇక్కడ మంద తగ్గించాలి. రెండుచోట్లా ఒకే రూల్ ఉండాలనడంలో అర్థం లేదు.

విల్లంబులు

@ఎడిసన్_పెరడు ఇది ఒప్పుకుంటాను. జనావాసాల మధ్య సంఖ్య తగ్గించడానికి అయితే నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం రట్ రోజుల్లో, బక్‌ల కోసం.

పెన్_గుట్టలు

@విల్లంబులు ఒక చరిత్ర గుర్తుచేస్తా. కాంపౌండ్ విల్లుకి మిస్సోరీకి చెందిన హోలెస్ అలెన్ పేటెంట్ తెచ్చుకుంది 1969లో. అప్పుడు రికర్వ్, లాంగ్‌బో వాళ్లు ఏమన్నారు? చక్రాలు, కేబుళ్లు ఉన్నది విల్లా, ఇది యంత్రం, సీజన్లోకి రానివ్వొద్దు అన్నారు. ఇవాళ మీరు క్రాస్‌బోని అంటున్న మాటలే అవి. మీ కాంపౌండ్‌కి గురి చూసే సైట్ ఉంది, స్ట్రింగ్ వదిలే రిలీజ్ ఉంది, కొందరివి దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ సైట్లు. గీత ఎక్కడ గీస్తారు?

విల్లంబులు

లాగి పట్టుకునే దగ్గర గీస్తాను. సైట్ ఎన్ని పెట్టుకున్నా జింక ముందు లాగాల్సింది, పట్టుకోవాల్సింది నా కండరమే. క్రాస్‌బోలో ఆ పని కట్టెకి అప్పగించేశారు. ఒరెగాన్‌లో ఇప్పటికీ వేటకి క్రాస్‌బో అసలు లేదు. అయోవాలో కూడా ఆర్చరీ సీజన్ని విల్లుకే ఉంచి, వికలాంగులకి, పెద్దవాళ్లకి మినహాయింపులు ఇచ్చారు, అక్కడి బక్‌లు ఎలాంటివో దేశమంతా తెలుసు. అంటే ఈ గీత నా ఒక్కడి పట్టుదల కాదు.

రైల్_మీద_వేలు

నా హ్యాండిల్ చూసే ఉంటారు. ఈ చర్చలో ఎవరూ ఎత్తని విషయం ఒకటి చెప్పాలి. క్రాస్‌బో తేలిక, శనివారం కొని ఆదివారం ఎక్కొచ్చు అన్న మాట వింటే నాకు భయమేస్తుంది. ఇది బొమ్మ కాదు. మామూలు వేట క్రాస్‌బో 400 గ్రెయిన్ల బోల్ట్‌ని (క్రాస్‌బో బాణాన్ని) సెకనుకి 400 అడుగుల వేగంతో వదులుతుంది. ముందు చేతి బొటనవేలు బోల్ట్ జారే రైల్ పైకి వచ్చిందా, స్ట్రింగ్ ఆ వేలిని కోసుకుంటూ పోతుంది. మా గ్రూపులో ఒకతనికి జరిగింది, గోరుతో సహా కొస తెగింది. కొత్త మోడళ్లలో వేలు పైకి రాకుండా అంచు ఉంటుంది, పాతది చవగ్గా కొంటే ఉండదు.

రెండోది, స్ట్రింగ్‌ని వెనక్కి లాగి లాక్ చేసే (కాక్ చేసే) తాడు, కాకింగ్ రోప్. రెండు చేతులతో సమానంగా లాగాలి. ఒక పక్క కొంచెం ఎక్కువ లాగితే స్ట్రింగ్ రైల్ మధ్యలో కూర్చోదు, ఇరవై గజాల్లోనే బోల్ట్ పక్కకి పోతుంది. స్ట్రింగ్ మీద రైల్‌కి అటూ ఇటూ మార్కర్‌తో గీతలు పెట్టుకోండి, కాక్ చేశాక ఆ రెండు గీతలూ రైల్ అంచులకి ఒకే దూరంలో ఉన్నాయో లేదో చూసుకోండి. మూడోది, సాయంత్రం జింక రాకపోతే విల్లు దించినట్టు దీన్ని చాలా మోడళ్లలో దించలేం. డిశ్చార్జ్ బోల్ట్ ఒకటి తీసుకెళ్లి మెత్తటి నేల మీదో టార్గెట్ మీదో కొట్టి ఖాళీ చేయాలి. బోల్ట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కితే లింబ్‌లు (వంగే విల్లు భాగాలు) పగిలి మొహం మీదికి వస్తాయి. కాక్ చేసినదాన్ని చెట్టు మీదికి మోసుకెళ్లకండి, తాడుతో కూడా అలా లాగకండి.

ఆర్చరీ సీజన్లోకి రానివ్వండి, నేను దానికే ఓటు. కానీ క్రాస్‌బో చేత్తో పట్టించి నేర్పే కోర్సు తప్పనిసరి చేయండి.

కొత్త_బాణం

@రైల్_మీద_వేలు చాలా థాంక్స్ అన్నా. ఇంత వేగం ఉందంటే అరవై, డెబ్బై గజాల్లో కూడా కొట్టొచ్చా? యూట్యూబ్‌లో వంద గజాలు కొడుతున్నారు.

రైల్_మీద_వేలు

టార్గెట్‌ని కొట్టొచ్చు. జింకని కొట్టకు. నలభై గజాలు అంటే 120 అడుగులు, బోల్ట్ చేరడానికి సెకనులో మూడో వంతు దగ్గర పడుతుంది. చప్పుడు అంతకంటే చాలా ముందే చేరుతుంది. బెదిరిన జింక పారిపోవడానికి ముందు కాళ్లు ముడిచి కిందికి దిగుతుంది, గుండెకి గురిపెట్టింది వెన్ను పైన తగులుతుంది లేదా అసలు తగలదు. దూరం పెరిగేకొద్దీ అది కదిలే టైమూ పెరుగుతుంది. ప్రశాంతంగా మేస్తూ పక్కకి తిరిగి ఉంటే నలభై. తల ఎత్తి చూస్తుంటే ముప్ఫై కూడా నాకు ఎక్కువే.

విల్లంబులు

ఇది మాత్రం అక్షరాలా నిజం. వేగం ఎక్కువ ఉందని దూరం పెంచేవాళ్ల వల్లే గాయపడి దొరక్కుండా పోయే జింకలు ఎక్కువవుతాయి, నాకున్న పెద్ద బాధ అదే. బాణం తగిలాక కూడా ఓపిక కావాలి. ఊపిరితిత్తుల్లో తగిలితే బాణం మీద నురగతో ఎర్రటి రక్తం, అరగంట ఆగి వెతకండి. రక్తం చిక్కగా, నల్లగా ఉంటే లివర్, ఇంకా చాలా సేపు ఆగాలి. ఆకుపచ్చగా, వాసనగా ఉంటే పొట్ట, ఆరేడు గంటలైనా కదలకూడదు, తరిమితే ఎక్కడో ముళ్లపొదలోకి వెళ్లి పడుతుంది, ఇక దొరకదు. టెక్సాస్‌లో అక్టోబర్ వేడికి ఆ ఆరేడు గంటల్లో మాంసం పాడవుతుంది. అందుకే అనుమానంగా ఉన్న బాణం వేయకపోవడమే మేలు.

గోంగూర_మటన్

మాంసం మాట వచ్చింది కాబట్టి. జింక కొవ్వు వండితే నోటికి అంటుకుంటుంది, వాసన కూడా దాన్నుంచే. తెల్లటి పొర, కొవ్వు మొత్తం తీసేయండి. పెరుగు, అల్లం వెల్లుల్లి, పసుపు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో. కుక్కర్లో మటన్ కంటే రెండు విజిల్స్ ఎక్కువ. చివర్లో గోంగూర. విల్లుతో కొట్టారా క్రాస్‌బోతో కొట్టారా నేను అడగను.

పప్పుచారు

@అచ్చంపేట_అడవి మీరు రాసింది చదివాను. నా మనసు మారలేదు, కానీ లెక్కలు నాకు తెలియనివి. ఎవరో ఒకరు అంత ఓపికగా చెప్పినందుకు సంతోషం.

మోడరేటర్

లీజ్ ఉన్న రాంచ్ ఆనవాళ్లు, కెమెరా లొకేషన్లు ఎవరూ పెట్టకండి. రెండు పోస్టులు అందుకే తీసేశాను. చర్చ బాగుంది, కానివ్వండి.

మాడిసన్_మంచు

ఒక మధ్యే మార్గం నాకు తోస్తుంది. మినహాయింపు రూల్‌ని కొంచెం వెడల్పు చేయాలి. డాక్టర్ కాగితం ఒక్కటే కాకుండా వయసు కూడా చూడాలి. మిషిగన్‌లో 2009లో మొదట రాష్ట్రమంతా యాభై దాటినవాళ్లకి ఇచ్చి తర్వాత మిగతావాళ్లకి తెరిచారు. మిన్నెసోటాలో చాలాకాలం అరవై దాటినవాళ్లకే ఉండి 2023లో అందరికీ తెరిచారు. గ్రేసన్‌లో కూడా అరవై దాటినవాళ్లకి ఇస్తే డాలస్ జనం మొత్తం వచ్చి పడిపోరు. పాతకాపు గారూ, దీనికైనా ఒప్పుకుంటారా?

షెర్మన్_పాతకాపు

పెద్దవాళ్లకి అంటే ఒప్పుకుంటాను. అక్క లాంటి భుజం సర్జరీ వాళ్లకి కూడా డాక్టర్ వైకల్యం అని రాయక్కర్లేకుండా, ఇంత బరువు లాగలేరు అని రాస్తే సరిపోవాలి. అందరికీ అంటే మాత్రం నా మాట మారదు.

పెన్_గుట్టలు

మా దగ్గర కూడా ముందు వికలాంగులకి పర్మిట్లు అనే మొదలైంది, తర్వాత అందరికీ అయింది. మిన్నెసోటా, మిషిగన్ కూడా అంతే కదా. పాతకాపు గారి గేటు అలాగే తెరుచుకుంటుంది, నాకు సంతోషమే.

షెర్మన్_పాతకాపు

@పెన్_గుట్టలు అందుకే మాకు భయం.

టెక్సోమా_బాణం

అందరివీ చదివాను. రూల్ అన్యాయం అనే నా అభిప్రాయం అలాగే ఉంది. అక్క లాంటి వాళ్ల సంగతి చదివాక ఇంకా గట్టిపడింది. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ కమిషన్ ఏటా రూల్స్ మార్చేముందు జనం అభిప్రాయం తీసుకుంటుంది, ఈసారి నేను రాస్తాను, వయసు మినహాయింపు గురించి, భుజం మినహాయింపు గురించి. క్రాస్‌బో కాలిన్ కౌంటీలో ఒక స్నేహితుడి పొలంలో వాడతాను. గ్రేసన్ లీజ్ వదులుకోలేం కాబట్టి మేం ముగ్గురం కాంపౌండ్ నేర్చుకోవాలి. విల్లంబులు గారూ, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

విల్లంబులు

ఆన్‌లైన్‌లో కొనకండి. ప్రో షాప్‌కి వెళ్లి ముందు డ్రా లెంగ్త్ (మీ చేతికి విల్లు ఎంత దూరం లాగాలో) కొలిపించుకోండి. మగవాళ్లం అందరం మొదట్లో ఎక్కువ పౌండ్లు పెట్టుకుంటాం, 45 దగ్గర మొదలుపెట్టండి. కూర్చుని, చేతులు ముందుకు చాచి, విల్లుని ఆకాశం వైపు ఎత్తకుండా నేరుగా వెనక్కి లాగగలిగితే ఆ బరువు మీకు సరిపోయినట్టు. అప్పుడు రెండేసి పౌండ్లు పెంచుకోండి. ఈ సీజన్‌కి తొందరపడకండి, గురి కుదరకపోతే ఆడ జింక కూడా వద్దు.

కొత్త_బాణం

డాలస్ వైపు ప్రాక్టీస్‌కి వెళ్తుంటే నన్ను కూడా పిలవండి. విల్లు లేదు, వచ్చి చూస్తాను.

విల్లంబులు

రా తమ్ముడూ, నా పాత విల్లు ఉంది. నీ డ్రా లెంగ్త్‌కి మార్చొచ్చు.

రైల్_మీద_వేలు

విల్లయినా క్రాస్‌బో అయినా చెట్టెక్కేటప్పుడు నేల మీదే హార్నెస్ (పడకుండా పట్టే బెల్టు) తగిలించుకోండి, పైకి వెళ్లాక కాదు. పడేవాళ్లలో చాలామంది ఎక్కేటప్పుడో దిగేటప్పుడో పడతారు. లైఫ్‌లైన్ తాడు కింద నుంచి స్టాండ్ దాకా కట్టి ఉంచితే దిగేదాకా తగిలించుకునే ఉండొచ్చు.